క్రీబిల్ నెలవంక

ఇత్తడి తూటా గుల్లకు మెడ చుట్టూతా ఒకే మందం ఉండాలి. రాజ్యాలు కూలవచ్చు, మతాలు మారవచ్చు, పెన్సిల్వేనియా కొండదారుల్లో గుంతలు పూడనైనా పూడవచ్చు; ఈ ఒక్క ధర్మానికి మాత్రం సడలింపు లేదు. కెటిల్ గ్యాప్ రైఫిల్ క్లబ్బులో ఈ ధర్మాన్ని ఎల్వుడ్ ట్రాక్సెల్ అంత నిష్ఠగా పాటించినవాడు మరొకడు లేడు. భూముల సర్వేయరుగా పనిచేసినన్నాళ్ళూ ఆయన ఇరుగుపొరుగు రైతుల కంచెలను అంగుళాలతో సహా సరిదిద్ది, కంచెకు రెండువైపులా శత్రువులను సంపాదించుకున్నాడు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆ కొలతల దాహమంతా తన ఇంటి నేలమాళిగలోని బల్ల మీదికి మళ్ళింది.

పేలిన గుల్లను పారేయడం ఆ లోయలో పామరుల లక్షణం. ఏరుకొచ్చి, కడిగి, మెడను మంట మీద కాచి మెత్తబరచి, అడుగున నిప్పు రాజేసే కొత్త ప్రైమరు బిగించి, మందు తూచి పోసి, గుండు కూర్చి మళ్ళీ మళ్ళీ కాల్చుకోవడమే పెద్దమనుషుల మర్యాద. గుండుదేముంది, మందుదేముంది, వచ్చిపోయే చుట్టాలు, ఇంటిమనిషి గుల్ల. దాని గోడ ఏమాత్రం మందమెక్కినా లోపల చోటు తగ్గుతుంది, చోటు తగ్గితే ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే గుండు తొందరపడి, దూరాన ఉన్న కాగితం మీద తోటివాటికంటే పైన తగులుతుంది. పలచగోడ గుల్లలోంచి వెళ్ళినది బద్ధకించి కింద తగులుతుంది. ఇక మెడ ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా ఉన్న గుల్ల సంగతి చెప్పనే అక్కరలేదు; అది గుండుకు పుట్టుకతోనే వంకర నడక నేర్పి పంపుతుంది.

అందుచేత ఎల్వుడ్ తన గుల్లల మీద న్యాయస్థానం నడిపేవాడు. ఐదు గుండ్లలో నాలుగు ఒకచోట చేరి ఒకటి దారితప్పితే, ఆ ఒకదాన్ని కన్న గుల్లను విడిగా తీసి, దాని అడుగున నల్లసిరాతో చుక్క పెట్టేవాడు. మొదటి నేరానికి క్షమాభిక్ష ఉండేది. రెండోసారి అదే తప్పు చేస్తే ఉరే. క్లబ్బు ఆచారం ప్రకారం, దోషిగా తేలిన గుల్లను ఇంకొక సభ్యుడి ఎదుట పటకారుతో మూతి నలిపి, గుమ్మం పక్కనున్న పందికొవ్వు డబ్బాలో పడేయాలి. నలిగిన గుల్లను ఇక ఎవరూ పొరపాటున కూడా నింపలేరు. పన్ను ఎగ్గొట్టినవాడికీ, పెళ్ళాన్ని మోసగించినవాడికీ ఆ క్లబ్బులో కుర్చీ ఉండేది. చెడిన గుల్లను నలపకుండా సాటివాడికి అంటగట్టినవాడికి మాత్రం ఉండదు. అటువంటివాడు అప్పటిదాకా పుట్టకపోవడం వల్ల ఈ నియమానికి పరీక్ష రాలేదు.

ఎల్వుడ్‌కు ఈ లోకంలో ఉన్న ఏకైక స్నేహితుడు డాక్టర్ హార్లన్ క్రీబిల్. ఆయన దంతవైద్యుడు. ఆ లోయలో సగంమంది నోళ్ళు ఆయనకు కంఠోపాఠం. పుచ్చుపన్ను తొలిచే సన్నపు పనిముట్లతోనే తూటా గుల్లల్లోని మసి తీసేవాడు. వాటిని రోగుల నోళ్ళలో వాడిన తరువాతే ఇక్కడ వాడేవాడా, ముందే వాడేవాడా అన్నది ఎవరూ తెగించి అడగలేదు. ఆయన రైఫిల్లో గుల్ల అడుగుకు ఆని మూసే బోల్టు ముఖాన సన్నటి గరుకు ఒకటి ఉండేది. అది ఆయన కాల్చిన ప్రతి గుల్ల అడుగునా గోటిగీత అంత వంపుగుర్తు వదిలేది. దాన్ని క్లబ్బంతా క్రీబిల్ నెలవంక అని పిలిచేవారు. నున్నగా సానబట్టించుకోమంటే, "నా అదృష్టం దాంట్లోనే ఉంది" అనేవాడు డాక్టరు. ఆ అదృష్టం మరీ అంత చెప్పుకోదగ్గది కాదు. క్లబ్బు వార్షిక బహుమతి అయిన గ్రౌండ్‌హాగ్ ఏటా ఎల్వుడ్ ఇంటికే పోయేది.

గ్రౌండ్‌హాగ్ అంటే చేలల్లో బొరియలు తవ్వే బలిసిన జంతువు. చచ్చినదాని తోలులో రంపపుపొట్టు కూరి, ఒంటి గాజుకన్ను పెట్టి, కొయ్యపీట మీద నిలబెట్టారు. రెండో కన్ను ఏ మహాసంగ్రామంలో పోయిందో చరిత్రకారులు తేల్చలేదు. అలెగ్జాండరు కిరీటానికి కూడా అంతమంది ఆశపడి ఉండరు.

ఆ ఏడు వసంతంలో, ఎల్వుడ్ పుట్టినరోజున, హార్లన్ ఒక చెక్కపెట్టె పట్టుకొచ్చాడు. లోపల వరసలు తీరిన ఇత్తడి గుల్లలు, కొత్త పెళ్ళికొడుకుల్లా తళతళలాడుతున్నాయి. ఎప్పుడో మూతబడిన ఒక కర్మాగారం చివరిరోజుల్లో పోసిన సరుకు అది. అంతటి ఇత్తడి మళ్ళీ పుట్టదని ఆ లోయలో అందరి నమ్మకం.

"ఒక్కసారి కూడా పేలనివిరా," అన్నాడు హార్లన్. "మెడలు నేనే చెక్కాను, తూకాలు నేనే చూశాను. సగం నీకు, సగం నాకు. మళ్ళీ కొలతలు తీసి నన్ను అవమానించకు."

ఎల్వుడ్ కళ్ళు చెమర్చాయి. తన జీవితంలో సొంత తల్లి ఎత్తును కూడా కొలిచి చూసుకున్న మనిషి, ఆ పెట్టెను మాత్రం కొలవకుండా అటకమీద పెట్టుకున్నాడు. ఆయన చేసిన స్నేహమంతా ఆ కొలవకపోవడంలోనే ఉంది.

ఎండాకాలం వచ్చేసరికి పతనం ఆరంభమైంది. ఆయన గుండ్లు ఒకటి పైకి, ఒకటి కిందికి, మరొకటి పక్కకి పోసాగాయి. ఎల్వుడ్ రైఫిల్ గొట్టాన్ని అనుమానించాడు, మందును అనుమానించాడు, చివరికి కళ్ళజోడు మార్చాడు. గుల్లల అడుగున చుక్కలు పెట్టబోయి, అవి ఎవరిచ్చినవో గుర్తొచ్చి, సిరాబుడ్డి మూత పెట్టేశాడు. మిత్రుడి కానుకను బోనెక్కించే న్యాయమూర్తి కాలేకపోయాడు. ఇక మిగిలిన ముద్దాయి తానే. చేతులు వణికిస్తుందేమోనని కాఫీ మానేశాడు.

"కాఫీ లేక నీ మొహం ఊరబెట్టిన క్యాబేజీలా తయారైంది, ఎల్వుడ్," అంది భార్య లవీనా. "ఆ తుపాకీ ఎలాగూ ఇసక సంచుల మీద పడుకునే ఉంటుంది కదా. దానికి నీ చేతులతో పనేమిటి?"

"ట్రిగ్గరు నొక్కడానికి చెయ్యి కావాలి."

"వేలు కావాలి. ఒక్క వేలికోసం ఇంట్లో కాఫీ వాసన లేకుండా చేశావు."

క్లబ్బులో కాగితాల మీద రంధ్రాల దూరం కొలిచే పని డాట్ ఫెన్‌స్టర్‌మేకర్‌ది. నోటికి అదుపులేని ముసలామె. పూర్వం ఎల్వుడ్ కాగితం చూసి, "ఒక్క రంధ్రమే ఉంది, మిగతా నాలుగూ ఇంట్లో మరిచిపోయి వచ్చావా?" అని వెక్కిరించేది. ఆ ఏడు ఆమె వెక్కిరింపు మానేసి, "పర్లేదులే ఎల్వుడ్" అనడం మొదలుపెట్టింది. ఆ జాలి ఆయనకు తూటా కంటే లోతుగా దిగింది.

ఆకులు రాలే కాలంలో జరిగిన పోటీలో గ్రౌండ్‌హాగ్ డాక్టర్ క్రీబిల్ వశమైంది. విందులో పందిమాంసం, పులిసిన క్యాబేజీ వడ్డించారు. హార్లన్ ఆ జంతువును పక్క కుర్చీలో కూచోబెట్టుకుని, దాని మెడకు తన తువ్వాలు కట్టి, ఎల్వుడ్ చెవిలో మెల్లగా అన్నాడు.

"నేను చెప్పక తప్పదురా. నీ చేతులు వణుకుతున్నాయి. ఫోర్కు పట్టుకున్నప్పుడు చూశాను."

"నిజంగానా?"

"డాక్టర్ని. చేతులు నాకు తెలీవా? ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. వయసు. పరువుండగానే ఆపెయ్. రైఫిల్ ఎవడికో ఎందుకు, నాకిచ్చెయ్. వెల నువ్వే చెప్పు. ఆ గుల్లలు కూడా దాంతోపాటే ఇచ్చెయ్, విడదీస్తే పాపం."

ఎల్వుడ్ ఫోర్కు కింద పెట్టేసి, చేతులు బల్ల కిందికి దాచుకున్నాడు. "సరే, శనివారం తెచ్చిస్తా," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు తన గొంతు పక్కవాడి గొంతులా వినిపించింది.

శుక్రవారం సాయంత్రం ఆయన రైఫిల్‌కు అంతిమ స్నానం చేయించాడు. సాగనంపే వస్తువును శుభ్రంగా సాగనంపాలి. గుల్లలను కూడా మెత్తటి గుడ్డతో తుడిచి, పళ్ళెంలో తలకిందులుగా వరసగా నిలబెట్టాడు. నేలమాళిగ కిటికీలోంచి పొద్దుగుంకే వెలుతురు ఏటవాలుగా వాటి అడుగుల మీద పడింది. తిన్నగా చూస్తే కనిపించనిది ఏటవాలు వెలుగులో కనిపించింది. ఒక గుల్ల అడుగున గోటిగీత అంత వంపు. పక్కదాని అడుగునా అదే. ఆ పక్కదానికీ. పళ్ళెం నిండా సన్నటి నెలవంకలు, ఎవరో పనిగట్టుకుని రుద్ది చెరిపినా పూర్తిగా చెరగనివి.

ఎల్వుడ్ వసంతం నుంచి ఆ గుల్లలను తాకని, మందం కొలిచే కాలిపరునూ, త్రాసునూ తీశాడు. ఒకదాని మెడ ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా. ఒకటి తూకంలో బరువు, పక్కది తేలిక. ప్రైమరు కూర్చునే గుంటలు ఎన్నోసార్లు పేలి వదులైపోయాయి. కడిగి, కాచి, మెరుగుపెట్టి కొత్తవాటిలా ముస్తాబు చేసిన ముసలి నేరస్థులవి. హార్లన్ న్యాయస్థానంలో ఏళ్ళ తరబడి ఉరిశిక్ష పడినవన్నీ ప్రాణాలతో ఇక్కడికి కాపురానికి వచ్చాయి.

మోసం చేసింది ఇత్తడి అయితే ఎల్వుడ్ దాన్ని నలిపేసి ఊరుకునేవాడు. ఆయన్ను తొలిచింది అది కాదు. కొన్ని నెలలుగా తన చేతులను తానే దొంగల్లా కాపలా కాశాడు. వాటిని అద్దం ముందు చాచి చూసుకున్నాడు. గిన్నె జారినప్పుడల్లా లవీనా చూసిందేమోనని వెనక్కి తిరిగాడు. ఆ అనుమానాన్ని విత్తినవాడు పక్కనే కూచుని దానికి నీళ్ళు పోశాడు.

మర్నాడు హార్లన్ ఇంటికి వెళ్ళినప్పుడు ఎల్వుడ్ చేతిలో రైఫిల్ లేదు, గుల్లల పెట్టె ఉంది. డాక్టరు నేలమాళిగలో ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న పాత దంతవైద్యపు కుర్చీ ఉండేది. వచ్చినవాళ్ళను అందులో కూచోబెట్టడం ఆయన సరదా. గోడన ఉన్న అరలో గ్రౌండ్‌హాగ్ ఒంటికన్నుతో వీళ్ళనే చూస్తోంది.

"రారా, కూచో," అన్నాడు హార్లన్. "రైఫిల్ కార్లో ఉందా?"

"నువ్వు కూచో," అన్నాడు ఎల్వుడ్.

"ఏమిటీ వేషం? పన్ను పీకుతావా ఏంటి?"

"కూచో."

ఆ గొంతు విని డాక్టరు తన కుర్చీలో తానే మొదటిసారి కూచున్నాడు. ఎల్వుడ్ పైదీపం వెలిగించి, దాని మెడ ఏటవాలుగా వంచి, ఒక గుల్లను ఆయన ముక్కు కింద పెట్టాడు.

"ఇదేమిటి?"

"గుల్ల."

"దాని అడుగున?"

హార్లన్ కళ్ళు చికిలించాడు. "గీత. నీ రైఫిలే గీసుంటుంది."

"నా బోల్టు నున్నగా అద్దంలా ఉంటుంది. నీకు తెలుసు, నువ్వే మెచ్చుకున్నావు. ఒక్కసారి కూడా పేలనివన్నావే? మరి పుట్టుకతోనే నీ పుట్టుమచ్చతో పుట్టాయా?"

"పొరపాటున రెండు మూడు కలిసిపోయి..."

"అన్నీ. పళ్ళెం పళ్ళెమంతా."

డాక్టరు అరలోని గ్రౌండ్‌హాగ్ వైపు చూశాడు.

"అది మీ ఇంట్లో చలిమంట గూటి మీద కూచుని, ప్రతి క్రిస్మస్‌కీ నన్ను చూసి నవ్వుతోందిరా. విందుకు పిలిచేవాడివి, సరిగ్గా దాని ఎదురుగా నా కుర్చీ వేసేవాడివి. ఒక్క ఏడాది, ఒక్క ఏడాది నా ఇంట్లో నవ్వితే చాలనుకున్నా."

"అడిగితే ఇచ్చేవాణ్ణి. కుర్చీ పక్కకి జరపమంటే జరిపేవాణ్ణి."

"అడిగి తెచ్చుకుంటే అది బహుమతెలా అవుతుంది?"

"దొంగిలిస్తే అవుతుందా?" ఎల్వుడ్ గొంతు తగ్గింది. "సరే, ఇత్తడి సంగతి వదిలెయ్. నా చేతులు వణుకుతున్నాయన్నావు. ఫోర్కు పట్టుకున్నప్పుడు చూశానన్నావు. చూశావా?"

హార్లన్ కుర్చీ చేతి మీది దుమ్మును గోటితో గీకాడు.

"చూశావా, డాక్టర్?"

"లేదు. నువ్వు ఊరుకోకుండా ఆడుతూ ఉంటే, ఏదో ఒకరోజు గుల్లలు తిప్పి చూస్తావు. రైఫిలూ గుల్లలూ రెండూ నా దగ్గరికి వచ్చేస్తే..."

"నా పెళ్ళి కాకముందు నుంచీ నీ ముందు నోరు తెరుచుకుని పడుకున్నానురా! కళ్ళు మూసుకుని! నీ చేతిలో తిరుగుతూ డ్రిల్లు!" అన్నాడు ఎల్వుడ్. "నువ్వు ఏ పన్ను పుచ్చిందంటే ఆ పన్ను పీకించుకున్నా. ఇప్పుడు నాకు ఒక్కో పన్నూ అనుమానంగా ఉంది."

"పళ్ళ దగ్గర నేనెప్పుడూ..." హార్లన్ నిజంగా నొచ్చుకుని లేవబోయాడు. "ఒరేయ్, పళ్ళ విషయంలో నన్నేమీ అనకు. అది వృత్తి."

ఎల్వుడ్ జేబులోంచి మడతపెట్టిన గురికాగితాలు తీసి ఆయన ఒళ్ళో పరిచాడు. "చూడు. పైకి, కిందికి, పైకి. ఇది నీ గోడల తేడా. పక్కకి పోయింది చూడు. ఇది నీ వంకర మెడలు."

డాక్టరు కాగితాల మీదికి వంగాడు. ఎంతైనా ఆయనా ఆ మతంలోని మనిషే. "పైకీ కిందికీ పోయినవి నా పాపమే," అన్నాడు చివరికి. "ఒప్పుకుంటా. పక్కకి పోయింది మాత్రం... ప్రతి కాగితం మీదా ఒకే పక్కకి, ఎడమకే పోయింది చూడు. మెడలు అన్నీ కూడబలుక్కుని ఒకే పక్కకి వంకరగా ఉండవు కదరా."

"ఇంకా నా చేతులంటావు?"

"అనను. ఏమీ అనను."

"నీ సగం తియ్యి. అసలు సరుకు, ఇంకా పేలనిది. రేపు పొద్దున్న డాట్ ముందు వాటితో కాలుస్తా. కాల్చి, కాగితం ఆమె చేతిలో పెట్టి, అప్పుడు చెప్తా నువ్వేం చేశావో. వెక్కిరిస్తూ చెప్తా. క్లబ్బులో నీ కుర్చీ ఎవడు తీసుకుంటాడో చూసుకో."

హార్లన్ బీరువా తెరిచి ఇంకో చెక్కపెట్టె తెచ్చి ఇచ్చాడు. ఎల్వుడ్ ఈసారి అక్కడే, ఆయన ఎదుటే, ఒక్కో గుల్లనూ కాలిపరుతో కొలిచాడు. కొలిచినంతసేపూ డాక్టరు తలవంచుకుని నిలబడ్డాడు. ఒక్క దానికీ వంక దొరకలేదు. ఆ సరుకు నిజంగానే మళ్ళీ పుట్టనిది.

"ఇంకో పని మిగిలింది," అన్నాడు ఎల్వుడ్, పాత పెట్టెను ముందుకు తోసి. "ఆచారం ఆచారమే. సాక్షిని నేనున్నా."

పటకారు కనిపించక, డాక్టరు దంతాలు పీకే పట్టుకారు తీసుకున్నాడు. ఒక్కో గుల్ల మూతీ నలిపి పింగాణీ గిన్నెలో వేశాడు. అన్నేళ్ళ స్నేహం అలా చిన్నచిన్న కిర్రుచప్పుళ్ళతో గిన్నెలో నిండింది. బయటికి వెళుతూ ఎల్వుడ్ అరలోని గ్రౌండ్‌హాగ్ వైపు ఓసారి చూశాడు. అది పాలకుడు మారినా తలకెక్కించుకోని ప్రజలాగా నిర్వికారంగా ఉంది.

ఆదివారం పొద్దున్న లవీనా కాఫీ పెట్టింది. ఎల్వుడ్ తాగాడు. "దేనికో ముస్తాబవుతున్నావు," అంది ఆమె. "అంత్యక్రియలకా, పెళ్ళికా?"

"ఒకరి అంత్యక్రియలకి," అన్నాడు ఆయన.

డాట్ చర్చికి వెళ్ళే బట్టలతోనే మైదానానికి వచ్చింది. "నన్ను ప్రార్థన ఎగ్గొట్టించావు. దేవుడికి చెప్పుకోదగ్గ కారణం చూపించు, లేకపోతే ఇద్దరం నరకానికే." దూరంగా తన కారు పక్కన హార్లన్ నిలబడి ఉన్నాడు. రమ్మని ఎవరూ పిలవలేదు, రాకుండా ఉండలేకపోయాడు. ఎల్వుడ్ ఆయన్ను చూడనట్టే బల్ల దగ్గర కూచున్నాడు. ఇసక సంచుల మీద రైఫిల్‌ను పసిబిడ్డలా సర్దాడు. రాత్రి ఆ కొత్త గుల్లలతో నింపిన తూటా దూర్చాడు. ఊపిరి బిగబట్టాడు. ఆ క్షణాన ఆయనకు గ్రౌండ్‌హాగూ అక్కరలేదు, పగా అక్కరలేదు. తన చేతులు తనవేనని, వాటిని ఎవరో తన నుంచి దొంగిలించారని, ఈరోజు తిరిగి తెచ్చుకుంటున్నానని మాత్రమే అనుకున్నాడు.

ఐదుసార్లు కాల్చాడు. చివరి చప్పుడు కొండలకు తగిలి తిరిగి వచ్చేదాకా కదలలేదు.

డాట్ కాగితం పట్టుకుని నడిచి వచ్చింది. చాలా దూరం నుంచే ఆమె ముఖం వెలుగుతూ కనిపించింది. "ఏం చేశావయ్యా! ఎత్తులో వెంట్రుక తేడా లేదు. స్కేలు పెట్టి గీత గీసినట్టుంది. నాలుగు గుండ్లకీ కలిపి ఒకటే రంధ్రం!"

"ఐదోది?"

ఆమె కాగితాన్ని బల్ల మీద పరిచింది. ఐదో రంధ్రం అదే ఎత్తున, అదే గీత మీద, ఎడమపక్కన ఒంటరిగా నిలబడి ఉంది.

ఎల్వుడ్ ఆ రంధ్రం మీద వేలు పెట్టాడు. ఆ ఇత్తడిని తానే కొలిచాడు. దానికి వంక లేదు.

"ఏదో చెప్తానన్నావు?" అంది డాట్. "ఎవరి గురించో."

ఆయన దూరాన కారు పక్కన ఉన్న మనిషి వైపు చూశాడు. ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుని, తీర్పు కోసం ఎదురుచూస్తున్నాడు.

"గాలి," అన్నాడు ఎల్వుడ్. "ఐదోసారి గాలి వీచింది. అంతే."

డాట్ తల తిప్పి మైదానం వైపు చూసింది. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి పొడవునా పాతిన కర్రలకు కట్టిన రంగుపట్టీలు, ఆరేసి మరిచిపోయిన తడి మేజోళ్ళలాగా నిలువుగా వేలాడుతున్నాయి.